వీడిపోవు సమూహము

పెట్ స్కాను పరీక్షకు వెళ్లు రోగికి ఆసుపత్రివారు ముందుగనే ఒక మాట చెప్పుదురు: చెప్పిన వేళకు రావలయును, కొన్ని గంటల ముందునుండి ఆహారము తీసికొనరాదు, ఆలస్యము చేసినచో మందు మీకొరకు ఆగదు అని. ఇతరములైన మందులు సీసాలలో నెలల తరబడి నిలువ యుండును. ఇది మాత్రము నిలువదు. ప్రతి 110 నిమిషములకు దాని శక్తి సగము తరిగిపోవుచుండును. ఉదయము ఆరు గంటలకు తయారైన మందు ఎనిమిది గంటలు కాకముందే సగమునకు దిగును. సాయంకాలము ఐదు గంటలకు అరువదినాలుగవ వంతు మాత్రమే మిగులును. ఇట్టి మందును కొని దాచుకొనుట యనునది లేదు. ఏ దినమునకు కావలసినది ఆ దినముననే క్రొత్తగా తయారు చేసికొనవలసినదే.

గడియారముతో పందెము వేసికొని చేయవలసిన ఈ పనిని సాధ్యము చేసిన కారణములు పెక్కు గలవు. సైక్లోట్రాను యంత్రము వానిలో నొకటి; దాని పేరును పలువురు వినియే యుందురు. ఎవ్వరును అంతగా పేరెత్తని కారణము మరియొకటి కలదు. అది ఏడు పరమాణువులు గల ఒక చిన్న సమూహము. రసాయన శాస్త్రజ్ఞులు దానిని ట్రిఫ్లిల్ అని పిలుతురు. మందు తయారగు వేళ ఇది సరియైన క్షణమున తన చోటు విడిచి తొలగిపోవును. పూర్తియైన మందులో దీనికి స్థానము లేదు. తొలగిపోవుటయే దీని పని. ఈ సమూహము ఎట్టిది? ఏల అంత సులభముగ తొలగును? తొలగిన పిమ్మట ఎక్కడికి పోవును? ఈ మూడు ప్రశ్నలను నేడు మేము పాఠకుల ముందుంచ దలచితిమి. మొదటి రెండింటికి రసాయన శాస్త్రము చాల కాలము క్రిందటనే సమాధానము చెప్పినది. మూడవదానిని అడుగుటకే ఆలస్యమైనది.

మొదట 'ప్రమేయ సమూహము' అను మాటను కొంచెము విశదపరతుము. కొడవలి పిడి ఏ కఱ్ఱతో చేసినదైనను, కోయునది అంచే. కర్బన సమ్మేళనముల అణువులును ఇట్టివే. అణువు ఎంత పెద్దదైనను, రసాయన చర్య సాధారణముగ దానిలో ఒకానొక మూలనే జరుగును. ఆ మూలనున్న కొలది పరమాణువుల కూటమియే ప్రమేయ సమూహము. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమును, వెనిగరులోని ఎసిటిక్ ఆమ్లమును వేరువేరు పదార్థములు. అయినను రెండును పుల్లగనే యుండును. ఏలయన రెండింటను కార్బాక్సిల్ అను ఒకే సమూహము కలదు. అట్లే సారాయిలోను, చక్కెరలోను హైడ్రాక్సిల్ అను సమూహము కలదు. ఒక ఆమ్లజని పరమాణువు, దానికి అంటుకొని ఒక ఉదజని పరమాణువు, ఇంతియే దాని స్వరూపము. ఈ హైడ్రాక్సిల్‌ను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలయును. మన కథలో అది మరల వచ్చును.

ట్రిఫ్లిల్‌కు పూర్తి పేరు ట్రైఫ్లూరోమీథేన్‌సల్ఫొనైల్. నోరు తిరుగని పేరే. కాని దానిని విడదీసి చూచినచో సమూహపు నిర్మాణము అందులోనే కనబడును. మీథేన్ అను భాగము ఒక కర్బన పరమాణువును తెలుపును. ట్రైఫ్లూరో అనగా ఆ కర్బనమునకు అంటియున్న మూడు ఫ్లోరిను పరమాణువులు. సల్ఫొనైల్ అనగా రెండు ఆమ్లజనులను ధరించిన ఒక గంధక పరమాణువు. గంధకము ఒకవైపున కర్బనమును, మరి రెండువైపుల ఆమ్లజనులను పట్టుకొని, మిగిలిన చేతిని బయటికి చాపియుండును. ఆ చేతితో అది వేరొక అణువులోని ఆమ్లజనిని పట్టుకొన్నచో ఏర్పడు పదార్థమును ట్రిఫ్లేటు అందురు. వీడిపోవునప్పుడు ట్రిఫ్లిల్ ఒంటరిగ పోదు. తాను పట్టుకొన్న ఆ ఆమ్లజనిని కూడ వెంట దీసికొనియే పోవును. ఈ సంగతి ముఖ్యమైనది.

ఈ ఏడు పరమాణువులలో పెత్తనము ఫ్లోరినుది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ మ్వాసాన్ 1886 జూన్ 26న విద్యుత్తు సహాయముతో ఈ మూలకమును తొలిసారి వేరుచేసెను. అంతకుముందు ఆ ప్రయత్నములో పలువురు గాయపడిరి. కొందరు ప్రాణములనే కోల్పోయిరి. మ్వాసాన్‌కు 1906లో నోబెల్ బహుమానము లభించినది. ఫ్లోరినుకింత తీవ్రత ఏల? ఎలక్ట్రానులను తనవైపునకు లాగికొనుటలో దానిని మించిన మూలకము లేదు. ఈ లాగుడును కొలుచుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్ ఒక మానమును ఏర్పరచెను. దానిలో కర్బనమునకు 2.5, ఆమ్లజనికి 3.5 కాగా, ఫ్లోరినుకు దాదాపు 4. అంతియే కాదు. ఫ్లోరిను ఒకసారి కర్బనముతో కలిసెనా, ఆ బంధము మిక్కిలి గట్టిది. కర్బనమునకును ఉదజనికిని గల బంధమును త్రెంచుటకు ప్రతి మోలునకు సుమారు 413 కిలోజౌళ్ల శక్తి చాలును. కర్బన ఫ్లోరిను బంధమునకు సుమారు 485 కావలయును. వంటపాత్రల టెఫ్లాను పూత అంత ఓర్పుగలదగుటకు ఈ బంధమే ఆధారము.

ఫ్లోరిను అనగనే నల్లగొండ, ప్రకాశము జిల్లాల పాఠకులకు తమ బావుల నీరు స్మరణకు వచ్చును. అది సహజము. 1937 నాటికే అప్పటి నెల్లూరు జిల్లాలో నీటివలన కలుగు ఎముకల వ్యాధిని వైద్యులు గుర్తించిరి. నడుము వంగి, కీళ్లు బిగిసినవారి బాధ మనకు క్రొత్తది కాదు. కాని ఒక భేదమును గ్రహింపవలెను. మన బావులలోనిది రాళ్లనుండి కరగి వచ్చిన ఫ్లోరైడు. అది కర్బనముతో ఏ సంబంధమును లేక, ఋణావేశముతో నీటిలో విడిగ తిరుగు ఫ్లోరిను. అది ఎముకలోని సున్నమును వెదకికొని చేరును. ట్రిఫ్లిల్‌లోని ఫ్లోరిను అట్లు కాదు. అది కర్బనమును కఱచి పట్టుకొని యుండును, సాధారణముగ విడిపడదు. పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును కొంతవరకు తేర్చివేయవచ్చును; నల్లగొండ పద్ధతి యని పేరుపొందినది అదియే. కర్బనముతో బిగిసిన ఫ్లోరినుపై ఆ ఉపాయము పనిచేయదు. ఒకే మూలకము, రెండు అవస్థలు, రెండు వేరువేరు సమస్యలు.

ఇక ట్రిఫ్లిల్ బలమును చూతము. దానికి హైడ్రాక్సిల్ చేరినచో ట్రిఫ్లిక్ ఆమ్లము అగును. దీనిని 1954లో ఇంగ్లండునందు హేజెల్డీన్, కిడ్ అను శాస్త్రజ్ఞులు మొదట ప్రకటించిరి. ఇది రంగులేని ద్రవము. నీటికంటె ఇంచుమించు 1.7 రెట్లు బరువైనది. 162 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. తేమగాలి తగిలినచో పొగలు గ్రక్కును. కారు బ్యాటరీలలో వాడు గంధకికామ్లము ఎంత తీవ్రమైనదో మనమెరుగుదుము. నీరు ఏ మాత్రము లేని స్వచ్ఛమైన గంధకికామ్లమును మించిన ఆమ్లములను సూపర్ ఆమ్లములు అందురు. ట్రిఫ్లిక్ ఆమ్లము ఆ కోవలోనిది. ఇంత బలము ఎక్కడిది? ఆమ్లమనగా తన ఉదజని కేంద్రకమును ఇతరులకు ఇచ్చివేయునది. ఇచ్చిన పిమ్మట మిగిలిన భాగమునందు ఋణావేశము నిలుచును. ఆ ఆవేశమును మోయుట కష్టమైనచో ఆమ్లము ఇచ్చుటకు వెనుదీయును. ట్రిఫ్లేటులో ఆ బరువును మూడు ఆమ్లజనులు పంచుకొనును. మూడు ఫ్లోరినులును వెనుకనుండి లాగి తేలిక చేయును. ఒక్కడు మోయలేని మోపును నలుగురు కలసి ఎత్తినట్లే. కనుకనే అది తన ఉదజనిని ఏ సంకోచమును లేక ఇచ్చివేయును.

ఇచ్చివేయుటలో గల ఈ సౌలభ్యమే వీడిపోవుటలోను కనబడును. దీనికి అద్దె యింటి ఉపమానము చక్కగ నప్పును. ఇంటిలో ఒకడు కాపురమున్నాడు. వేరొకడు సామానుతో వీధిలో నిలిచియున్నాడు. ఉన్నవాడు ఖాళీ చేసిననే గాని వచ్చువాడు లోపల అడుగుపెట్టలేడు. ఉన్నవాడు కదలవలెనన్న, అతనికి బయట సుఖముగ నుండు వసతి కావలెను. అణువులలో హైడ్రాక్సిల్ మొండి కాపురస్థుని వంటిది. బయటికి వెళ్లినచో అది దాహకమైన హైడ్రాక్సైడు కావలసి వచ్చును. ఆ అవస్థ దానికి సుఖము కాదు, కనుక కదలదు. దానిపై ట్రిఫ్లిల్‌ను అతికించితిమా, పరిస్థితి మారిపోవును. హైడ్రాక్సిల్‌లోని ఆమ్లజని ఇపుడు ట్రిఫ్లేటులో భాగమైనది. ట్రిఫ్లేటుకు బయట ఏ కష్టమును లేదు. ఋణావేశమును సునాయాసముగ మోయును. కొద్దిపాటి ఒత్తిడి తగిలినను ఇల్లు ఖాళీ చేసి పోవును. ఈ కారణముననే దీనిని ఉత్తమమైన 'వీడిపోవు సమూహము' అని శాస్త్రజ్ఞులు మెచ్చుకొందురు.

ఎంత ఉత్తమము? పూర్వము ఈ పనికి టోసిల్ అను సమూహమును వాడెడివారు, నేటికిని వాడుచున్నారు. అదియు గంధకము, ఆమ్లజనులు గల సల్ఫొనైల్ సమూహమే. కాని దానిలో ఫ్లోరినులు లేవు. ఒకే అణువుపై రెండింటిని పరీక్షించి చూచినపుడు ట్రిఫ్లేటు టోసిలేటుకంటె వేల రెట్లు, కొన్నియెడల పదివేల రెట్లకు పైగా, వేగముగ వీడిపోవుట కనబడినది. భేదము ముఖ్యముగ మూడు ఫ్లోరినుల లాగుడు వలననే. ఈ గుణమునకు మరియొక ప్రక్కయు కలదు. మిథైల్ ట్రిఫ్లేటు అను ద్రవము తన మిథైల్ భాగమును చేతికందిన అణువుకెల్ల అతికించి తాను తప్పించుకొనును. ఆ అందినది మన దేహములోని అణువైనను దానికి భేదము లేదు. అందుచేత ప్రయోగశాలలో దానిని అత్యంత జాగ్రత్తతో ముట్టుదురు. త్వరగా వదలునది త్వరగా అంటించును కూడ.

ఇపుడు ఆసుపత్రి మందునకు వత్తము. 1920వ దశకములో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓటో వార్బుర్గ్ ఒక విషయమును కనుగొనెను. క్యాన్సరు కణములు సామాన్య కణములకంటె మిక్కిలి ఎక్కువగ గ్లూకోజును ఆరగించును. అట్లయిన గ్లూకోజునకు ఒక గుర్తు పెట్టి దేహములోనికి పంపినచో, అది ఎక్కడ గుమిగూడునో అక్కడ దృష్టి నిలుపవచ్చును గదా. ఆ గుర్తుగ నిలిచినది ఫ్లోరిను 18 అను రేడియోధార్మిక పరమాణువు. దీని అర్ధాయువే పైన చెప్పిన 110 నిమిషములు. గ్లూకోజులోని రెండవ కర్బనముపై నుండు హైడ్రాక్సిల్‌ను తొలగించి, దాని స్థానమున ఈ ఫ్లోరినును కూర్చుండబెట్టినచో ఏర్పడు మందు ఎఫ్.డి.జి. దీనిని మొదట అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసిరి. 1976 ఆగస్టులో అక్కడినుండి విమానమున ఫిలడెల్ఫియా నగరమునకు చేర్చి, అచటి విశ్వవిద్యాలయమున తొలిసారి మనుష్యులకు ఇచ్చిరి. అప్పటి ఉద్దేశము మెదడు పనిని చూచుట. కాని ఆ పద్ధతిలో ఫ్లోరిను వాయువును వాడవలసి వచ్చెను. వాయువు అణువులో రెండు పరమాణువులుండును. వానిలో ఒకటి మాత్రమే చక్కెరను చేరును, రెండవది వృథా. మందు తక్కువగ వచ్చెడిది. కాలము చూడబోయిన ఆగెడిది కాదు.

1986లో పశ్చిమ జర్మనీలోని యూలిష్ పరిశోధనాలయమునకు చెందిన హామహర్, కోయెనెన్, ష్టోక్లిన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విప్పిరి. వారు గ్లూకోజుతో ప్రారంభింపలేదు. మానోజు అను చక్కెరను తీసికొనిరి. దానిలోని ఐదు హైడ్రాక్సిల్‌లలో నాల్గింటికి ఎసిటైల్ సమూహములతో ముసుగు వేసిరి, వారు చేయబోవు పనిలో అవి కలుగజేసికొనకుండ. రెండవ కర్బనముపైనున్న ఐదవదానికి మాత్రము ట్రిఫ్లిల్‌ను అతికించిరి. సైక్లోట్రానులో తయారైన ఫ్లోరైడు నీటిలో వచ్చును. నీటి అణువులు చుట్టుముట్టిన ఫ్లోరైడు సోమరిగ నుండును. కనుక నీటిని ఆవిరిచేసి, దానితోనున్న పొటాషియమును క్రిప్టోఫిక్స్ అను పంజరమువంటి అణువులో బంధించిరి. తోడు తొలగిన ఫ్లోరైడు చురుకుగ వచ్చి చక్కెరపై పడెను. ట్రిఫ్లేటు వెంటనే చోటు విడిచెను. అటుపై ముసుగులను తీసివేసినచో మందు సిద్ధము. ఈ పనియంతయు గంటకు లోపుగనే ముగియును. తొలుత తీసికొన్న ఫ్లోరినులో సుమారు సగము మందుగ చేతికి వచ్చును. ఇప్పటికిని లోకమున ఈ మందు తయారీకి ఈ మార్గమే రాజమార్గము.

మానోజుతో ఏల ప్రారంభింపవలెనని పాఠకులు అడుగవచ్చును. ఇది ఈ కథలో మిక్కిలి సొగసైన ఘట్టము. మానోజుకును గ్లూకోజుకును గల భేదము ఒక్కటియే: రెండవ కర్బనముపైని హైడ్రాక్సిల్ ఒకదానిలో పైవైపున, రెండవదానిలో క్రిందివైపున ఉండును. క్రొత్తగ వచ్చు ఫ్లోరైడు ట్రిఫ్లేటు ఉన్నవైపునుండి రాజాలదు. దానికి వెనుకవైపునుండియే ప్రవేశింపవలెను. అది వెనుకనుండి నెట్టగ, ట్రిఫ్లేటు ముందునుండి తొలగును. ఈ త్రోపులో ఆ కర్బనమునకు గల మిగిలిన మూడు బంధములును, పెనుగాలికి గొడుగు తిరుగబడినట్లు, అటునుండి ఇటు తిరుగును. మానోజు రూపము గ్లూకోజు రూపమగును. గ్లూకోజుతోనే మొదలుపెట్టియున్నచో తుదకు వచ్చునది మానోజు రూపమై, ఉద్దేశించిన మందు కాకపోయెడిది. కావలసిన చోట దిగుటకై ఎదుటి ఒడ్డున పడవ ఎక్కుట వంటిదే ఈ యుక్తి.

ఆ మందును రోగి నరములోనికి ఎక్కించిన పిమ్మట సుమారు గంటసేపు కదలక విశ్రమింప జెప్పుదురు. కణములు దానిని గ్లూకోజే యనుకొని లోపలికి తీసికొనును. మొదటి మెట్టు చర్యను కూడ జరుపును. రెండవ మెట్టున హైడ్రాక్సిల్ ఉండవలసిన చోట ఫ్లోరిను కనబడును. పని అంతటితో నిలిచి, అణువు కణములోనే చిక్కుకొనిపోవును. ఎక్కడ ఆకలి ఎక్కువయో అక్కడ మందు ఎక్కువగ పోగుపడును. ఫ్లోరిను 18 పాజిట్రాను అను కణమును వెలువరించును. అది దగ్గరనున్న ఎలక్ట్రానును కలిసి రెండును నశించి, ఎదురెదురు దిక్కులకు రెండు కిరణములుగ మారును. చుట్టునున్న యంత్రము ఆ జంట కిరణములను పట్టి, అవి పుట్టిన తావును లెక్కగట్టి చిత్రము గీయును. మెదడు, గుండె వంటి అవయవములును గ్లూకోజును వాడును. వాపు ఉన్నచోటను అది పోగుపడును. కనుక వెలుగు కనబడినదెల్ల క్యాన్సరు కాదు, వైద్యుడు విచారించియే చెప్పును. కిరణము వెలువరించిన ఫ్లోరిను ఆమ్లజనిగ మారిపోవును. మన దేశమున 2002లో ముంబయిలోని రేడియేషను మెడిసిను కేంద్రమున వైద్యపు సైక్లోట్రాను పని ప్రారంభించినది. నేడు హైదరాబాదు మొదలగు నగరములలో ఈ పరీక్ష జరుగుచున్నది. చికిత్స పనిచేయుచున్నదా లేదా, రోగము ఎంతదూరము ప్రాకినది అను విషయములను కత్తి పెట్టకయే తెలిసికొనుటకు ఇది పెక్కు కుటుంబములకు ఆధారమైనది.

ట్రిఫ్లిల్ చేయు పని ఇంతటితో ముగియలేదు. ఫినాలు వంటి పదార్థములలో హైడ్రాక్సిల్ బెంజీను వలయమునకు అంటుకొని యుండును. అక్కడ దానిని కదలించుట మరియు కష్టము. దానిని ట్రిఫ్లేటుగ మార్చినచో పల్లేడియము అను లోహము ఉత్ప్రేరకముగ నిలిచి, ఆ స్థానమున క్రొత్త కర్బన బంధమును కట్టును. ఈ పల్లేడియము చర్యలకు గాను 2010లో రిచర్డ్ హెక్, ఐఇచి నెగిషి, అకిరా సుజుకి అను వారికి నోబెల్ బహుమానము వచ్చినది. క్రొత్త ఔషధముల అన్వేషణలో ఈ మార్గము నిత్యము నడచునది. మరియు రెండు ట్రిఫ్లిల్ సమూహములు ఒక నత్రజనిని పట్టుకొన్నచో ఏర్పడు లిథియము లవణమును కొన్ని రకముల బ్యాటరీలలో వాడుదురు. అక్కడను కారణమదియే: ఋణావేశమును తేలికగ మోయు గుణము.

ఇక మూడవ ప్రశ్న. వీడిన ట్రిఫ్లేటు ఎక్కడికి పోవును? ఇంతవరకు చెప్పిన చర్యలన్నింటిలోను ఆ మూడు కర్బన ఫ్లోరిను బంధములు చెక్కుచెదరలేదని పాఠకులు గమనించియే యుందురు. చక్కెరను వదలినను ట్రిఫ్లేటు తన ఫ్లోరినులను వదలదు. నీటిలో అది సులభముగ కరగును. ఎండకును, సూక్ష్మజీవులకును అంత త్వరగా లొంగదు. అణువు చిన్నది, నీటిని ప్రేమించునది. కావున నీటిశుద్ధికి వాడు బొగ్గు పొరలు దానిని సరిగ పట్టలేవు. ఈ శతాబ్దపు రెండవ దశకమున ఐరోపా జలములలో ట్రిఫ్లిక్ ఆమ్లపు లవణములను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అణువులను త్వరగా వీడునది నేలను, నీటిని త్వరగా వీడుట లేదు.

దీని పెద్దన్న చరిత్ర మనకు హెచ్చరికగ నిలిచియున్నది. ట్రిఫ్లిల్‌లో ఒక కర్బనమే కలదు. దాని స్థానమున ఎనిమిది కర్బనములు, పదియేడు ఫ్లోరినులు గల గొలుసును పెట్టినచో పి.ఎఫ్.ఓ.ఎస్. అను పదార్థపు సమూహము వచ్చును. తయారుచేయు పద్ధతి కూడ రెండింటికి ఒకటియే. అమెరికాకు చెందిన జోసెఫ్ సైమన్స్ కనుగొన్న విధమున హైడ్రోజన్ ఫ్లోరైడు ద్రవములో విద్యుత్తును ప్రసరింపజేసి, కర్బనముపైని ఉదజనులన్నింటిని ఫ్లోరినులుగ మార్తురు. ఆ ఎనిమిది కర్బనముల కుటుంబపు పదార్థములు గుడ్డలపై మరకలు పడకుండ కాపాడెను. చమురు మంటలను ఆర్పు నురుగులలో చేరెను. దశాబ్దముల పిమ్మట చూడగా అవి లోకమంతటను మనుష్యుల రక్తములో కనబడెను. దేహములో సగము తరుగుటకు వానికి సంవత్సరములు పట్టును. వానిని తయారుచేయుచుండిన ముఖ్యమైన అమెరికా సంస్థ 2000 మే నెలలో ఆ తయారీని విరమింపనున్నట్లు ప్రకటించినది. 2009లో స్టాక్‌హోం ఒడంబడిక ఆ పదార్థమును నియంత్రణ జాబితాలో చేర్చినది. ఒక పదార్థము ఎంత బాగుగ పనిచేయునో చూచినవారు, పని ముగిసిన తరువాత అది ఎక్కడ నుండునో చూడలేదు. పొరపాటు అదియే.

ఈ పోలికను హద్దుమీరి సాగదీయరాదు. చిన్న ట్రిఫ్లేటు పెద్ద గొలుసువలె రక్తపు మాంసకృత్తులను అంతగా అంటిపెట్టుకొని యుండు స్వభావము గలది కాదు. వాని గుణములు ఒకటి కావు. ఒక పూట తయారు చేయు ఎఫ్.డి.జి.కి కావలసిన మానోజు ట్రిఫ్లేటు ఇరువది మిల్లీగ్రాముల ప్రాంతము. చిటికెడు ఉప్పులో ఒక చిన్న పాలు. దానిని మూసిన పెట్టెలో వాడుదురు, వ్యర్థమును పట్టి యుంచుటకు వీలు కలదు. ఆ చిటికెడు వలన తెలియు విషయము ఒక మనుష్యుని ప్రాణమును కాపాడవచ్చును. టన్నుల కొలది తయారగు వస్తువులలో వాడకము వేరు మాట. అక్కడ ప్రతి గ్రామునకును లెక్క యుండవలెను: ఏ కర్మాగారమునుండి ఏ కాలువలోనికి పోవుచున్నది, పాడైన బ్యాటరీని ఎవరు సేకరింతురు, వ్యర్థపు నీటిని ఎవరు పరీక్షింతురు అని.

కావున ఒక పదార్థము పేరులో ఫ్లోరిను వినబడినంతనే భయపడుటయు తగదు, ఆసుపత్రిలో ఉపకరించినదని అన్నిచోట్ల ఆదరించుటయు తగదు. మన పెద్దలు ఇంటికి వచ్చిన అతిథికి స్వాగతము పలుకుట ఎంత ముఖ్యమో, సాగనంపుట అంత ముఖ్యమని తలచిరి. అతిథి గడప దాటిన తరువాత ఎక్కడికి చేరెనో, సుఖముగ చేరెనో లేదో తెలిసికొనుట ఆ మర్యాదలో భాగమే. రసాయన శాస్త్రము ట్రిఫ్లిల్‌ను చక్కగ స్వాగతించినది; సరియైన క్షణమున లేచి పోవుట దానికి నేర్పినది. సాగనంపు విద్యను మాత్రము ఇప్పుడు నేర్చుకొనుచున్నది. తెల్లవారక మునుపే లేచి మందు తయారుచేయువారికి 110 నిమిషముల గడియారము ఎదుట నుండును. నీటిలో నిలిచిపోవు దానికి అట్టి గడియారము లేదు. ఆ గడియారమును మనమే పెట్టుకొనవలయును.